ఎర్ర పెట్టె

వదిన సంచీ జిప్పు తీసింది, మళ్ళీ వేసింది. లోపల్నుంచి ఏమీ తియ్యలేదు, లోపల ఏమీ పెట్టలేదు. వచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ ఇదే వరస. డైరెక్టరు గదికి ఎదురుగా వేసిన ఇనప బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి, వదినా ఆడపడుచూ ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఆ ఖాళీ దాటి వచ్చే జిప్పు చప్పుడు ఆడపడుచుకి పన్ను పోటులా ఉంది. వచ్చినట్టే వచ్చి పోతుంది, పోయిందనుకునేసరికి మళ్ళీ వస్తుంది. ఆ సంచీ లాక్కుని గోడకేసి కొడితే బాగుండు. కొట్టదు. కొడితే ఏమంటారో తెలుసు. పాపం, కళ్ళు లేవు కదా, చిరాకు సహజం అంటారు. ఆమె కోపానికి ఈ లోకం ఎప్పుడూ ఒకటే కారణం రాసి పెట్టుకుంది. కోపం కూడా తన సొంతం కాదు, కళ్ళదే. ఎదురుగా తలుపు వెనక డైరెక్టరు ఎవరితోనో నవ్వుతున్నాడు. తలుపు దగ్గర అటెండరు చెప్పులు ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. “ఇంకో గంట పట్టేట్టుందమ్మా, కాఫీ తెమ్మంటారా?” అన్నాడు. అడిగింది వదినని. ఎప్పుడూ వదిననే అడుగుతారు. ఆవిడ తాగుతారా అని పక్కవాళ్ళని అడుగుతారు, ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నా. “వద్దులే బాబూ, తను తాగదు,” అంది వదిన. తాగుతానని ఆమె అనలేదు. తాగాలనీ లేదు. కానీ ఆ ‘తను తాగదు’ లోపలికి వెళ్ళి మంటగా కూర్చుంది.

అసలు పిలిచింది దేనికి? కాగితాలు ఏ రూపంలో ఉండాలో తేల్చడానికి. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే ఇంటివాళ్ళు, వర్డ్ ఫైలా వెబ్ పేజీనా అని డైరెక్టరు దాకా వచ్చారట అని క్యాంటీన్లో ఇప్పటికే చెప్పుకుంటున్నారు. నవ్వుకోనీ. విషం మింగిన మనిషి ఇంట్లోవాళ్ళు ఫోను చేస్తే ఏం చెయ్యాలో చెప్పే కేంద్రం ఇది. ఏ మందు, ఏ యాసిడ్, ఏ గడ్డిమందు లోపలికి వెళ్ళినా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది ఒక్కోదానికి ఒక్కో పత్రంగా రాసి ఉంటుంది. ఫోను ఎత్తినవాళ్ళు ఆ పత్రం తెరిచి చదివి చెప్పాలి. మిగతావాళ్ళు కళ్ళతో చదువుతారు. ఆమె చెవితో చదువుతుంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఆమె కోసం ఆఫీసు కంప్యూటర్లన్నిట్లో వేశారు. దానికి గుమాస్తా అని పేరు పెట్టుకుంది. ఒక చెవిలో ఏడుస్తున్న తల్లి, ఇంకో చెవిలో గుమాస్తా. పత్రాలు వెబ్ పేజీలుగా ఉన్నన్నాళ్ళూ ఒక్క మీట నొక్కితే వాడు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి గెంతేవాడు. మింగితే, టక్, కంట్లో పడితే, టక్, పిల్లలకైతే, టక్. కళ్ళున్నవాళ్ళు మౌసు చక్రం తిప్పుకుంటూ పేజీ కిందికి దిగేలోపు ఆమె జవాబు చెప్పేసేది. గుమాస్తాకి గొంతులో ఎత్తూ పల్లం ఉండదు. చావు గురించి చదివినా చక్కెర గురించి చదివినా ఒకటే గొంతు. వాడికి జాలి లేదు. అందుకే వాణ్ణి నమ్మింది. జాలి ఉన్నవాళ్ళెవరూ తనకి పూర్తిగా చదివి పెట్టలేదు.

జిప్పు. మళ్ళీ.

కొత్త డైరెక్టరుకి కాగితం అంటే ఇష్టం. కాగితం మీదికి దించి, గోడకి అతికించి, వచ్చిన పెద్దమనుషులకి చూపించుకోవాలి. వెబ్ పేజీకి పేజీలుండవు, అంచులుండవు, అది అలా పారుతూ పోతుంది. ఆయనకది నచ్చలేదు. అన్నీ వర్డులో పెట్టండి, డాక్టర్లు కావాలంటే వాళ్ళే దిద్దుకుంటారు, చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది అన్నాడు. పత్రాల విభాగం వదినది. వదిన పద్ధతిగా చేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఎంత చక్కగా చేశారండీ, చూస్తే చాలు అర్థమైపోతోంది అని ఫోను గదిలో ఒకాయన అంటుంటే ఆమె పక్క కుర్చీలో కూర్చుని వింది. చూస్తే చాలు! ఆ మధ్యాహ్నమే కాల్ వచ్చింది. ఒక తండ్రి. పిల్లాడు డ్రెయినేజీ గొట్టాల్లో వేసే పొడి నోట్లో పోసుకున్నాడు, నోరంతా నురగ, ఏం చెయ్యమంటారు, వేలు పెట్టి కక్కించనా, ఇదిగో పెడుతున్నా అంటున్నాడు. ఆమె కొత్త ఫైలు తెరిచింది. మీట నొక్కింది. గుమాస్తా గెంతలేదు. శీర్షికల్లేవు అన్నాడు. సరే అని మొదటి నుంచీ చదివించింది. నోరు కడగండి అన్నాడు, బట్టలు మార్చండి అన్నాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాడు, అక్కడితో అయిపోయింది. అయిపోవడమేమిటి? ఏదో లేదు. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేకపోతే కాలికి ముందు తెలుస్తుంది చూడండి, అలా తెలిసింది. “వేలు తియ్యండి!” అని అరిచింది. “కక్కించొద్దు! కక్కిస్తే ఆ పొడి మళ్ళీ గొంతు కాలుస్తూ పైకొస్తుంది, వద్దు, వేలు తియ్యండి!” అది ఫైలు చెప్పిన మాట కాదు. ఎన్నో కాల్స్‌లో చెప్పి చెప్పి నోటికొచ్చిన మాట. నోటికి రాని విషం అయ్యుంటే? కొత్తగా బజారుకొచ్చిన డబ్బా ఏదో అయ్యుంటే?

తండ్రి వేలు తీశానన్నాక ఫోను పెట్టేసింది. పక్కతన్ని పిలిచి ఇందులో వాంతి సంగతి ఎక్కడుందో చూడమంది. “అదేంటక్కా, ఇదుగో, మొట్టమొదట కొట్టొచ్చినట్టుంది కదా, ఎర్ర పెట్టెలో,” అన్నాడు. ఎర్ర పెట్టె. చూసేవాళ్ళ కళ్ళు ముందు దాని మీదే పడాలని, అన్నిటికంటే ముఖ్యమైన మాటని విడిగా ఒక పెట్టె గీసి, ఎర్రరంగు వేసి, పేజీ మీద తేలేట్టు పెట్టింది వదిన. గుమాస్తా వరసలో ఉన్నదే చదువుతాడు. వరసలోంచి తీసి పక్కన తేలేట్టు పెట్టినదాన్ని తాకకుండా పోతాడు. అంటే ప్రతి పత్రంలోనూ ప్రాణం తీసేదేదో, ప్రాణం నిలిపేదేదో, అదొక్కటే ఆమెకి వినపడకుండా పోయింది. అందరికీ అన్నిటికంటే పెద్దగా కనపడేట్టు చేసి, ఆమెకొక్కదానికీ లేకుండా చేసింది. కావాలని కాదు. అదే ఒళ్ళు మండించేది. వదిన ఏదీ కావాలని చెయ్యదు.

ఆ సాయంత్రం ఆమె వదిన బల్ల దగ్గరికి వెళ్ళి, వాంతి సంగతి ఎందుకు లేదని అడిగింది.

“అంత పెద్ద అక్షరాలు పెట్టానే! ఎర్రరంగు కూడా వేశానే! అది లేకపోవడమేమిటే?”

“నాకు లేదు వదినా.”

“అందరికీ ఉంది కదా మరి. నీకు కావాలంటే ఆ ముక్కలు నేను విడిగా చదివి పెడతాను, రాసుకో. ఇంత దానికి అంత గొంతేమిటి, అందరూ చూస్తున్నారు.”

నేను చదివి పెడతాను. ఆ మాట విన్నాక ఇంక ఆగలేదు. నేరుగా డైరెక్టరుకి ఫిర్యాదు పెట్టింది, పాత వెబ్ పేజీలే కావాలని. ఆయన అంతా విని, చాలా మర్యాదగా, “మీకు ఇబ్బందైతే ఫోన్ల నుంచి తప్పించి శిక్షణ వైపు వేస్తామండీ, హాయిగా ఉంటుంది,” అన్నాడు. హాయిగా! కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పుకుంటూ, కాఫీ తాగుతూ, పండగ బొమ్మలా ఒక మూల. చెవులకున్న ఆ హెడ్‌ఫోన్లు తీసేస్తే ఆమె ఎవరు? ఆ ఒక్క కుర్చీలోనే కదా ఆమె గురించి ఎవరూ జాలి పడనిది. అవతలివాళ్ళకి ఆమె కళ్ళ సంగతి తెలీదు, తెలుసుకునే తీరికా లేదు. వాళ్ళకి ఆమె గొంతు కావాలి, ఇప్పుడు కావాలి. ఆ రాత్రి అన్నయ్య ఫోను చేసి, ఇంటి గొడవ ఆఫీసుదాకా తీసుకెళ్ళడం ఏం బాగుంటుంది, ఆవిడ నీకెంత చేసింది అన్నాడు. చేసింది. ఎవరు కాదన్నారు? ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది వదినే, మొదటిరోజు చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది వదినే. చేసినవాళ్ళ మీద కోపం రాకూడదంటే, ఆమె ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆమెకి అందరూ చేసినవాళ్ళే.

వదిన పెళ్ళయి ఇంటికొచ్చేసరికి ఆమె కళ్ళు సగం పోయి ఉన్నాయి. రసాయనశాస్త్రం రెండో ఏడు. అంచుల నుంచి మూసుకుంటూ వచ్చిన చూపులో, మధ్యలో మిగిలిన చిన్న కిటికీలోంచి కొత్త వదిన ముఖం ముక్కలు ముక్కలుగా కనపడేది, ఒకసారి గడ్డం, ఒకసారి చెవి కమ్మ. చదివి పెట్టేదాన్ని నేనున్నాగా అంది. నిజంగా చదివింది. మధ్యాహ్నాలు పాఠాలు, సాయంత్రాలు నవలలు. వదిన గొంతు బాగుంటుంది, ఇప్పటికీ బాగుంటుంది, అదే కదా బాధ. గుమాస్తా గొంతు రేకు డబ్బా. వదిన గొంతులో గాలి ఉండేది, వాన ఉండేది. ఒక నవలలో అక్కాచెల్లెళ్ళు, చిన్నదానికి జబ్బు. వారం పైన నడిచింది ఆ నవల. చివర్లో చిన్నది లేచి వాకిట్లోకి నడిచొస్తుంది, ఎండలో నిలబడుతుంది, అక్క పరిగెత్తుకొస్తుంది. వింటూ ఆమె ఎంత ఏడ్చిందో ఆ రోజు, సంతోషంతో. ఎన్నో ఏళ్ళ తరవాత, గుమాస్తా వచ్చాక, ఆ నవల మళ్ళీ తెప్పించుకుని చదివించుకుంది. చిన్నది చచ్చిపోయింది. నడవలేదు, ఎండా లేదు. గుమాస్తా ఆ వాక్యాన్ని బస్సుల వేళలు చెప్పినట్టు చెప్పి ఊరుకున్నాడు. పొరపాటు పడ్డాడేమోనని మళ్ళీ వెనక్కి పోయి వింది. వదినని అడిగితే పకపకా నవ్వింది. “నువ్వు ఏడుస్తావని మార్చానే పిచ్చిదానా! ఎంత బాగా అల్లానో, రచయిత కూడా ఆ మాత్రం రాయలేడు.” అన్నయ్య కూడా నవ్వాడు. తనూ నవ్వింది. ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడు, ఈ బెంచీ మీద, పళ్ళు నూరుకుంది.

నవలతో పోయిందా? ఇంకో వరండా ఉంది. ఇలాంటిదే, ఇలాగే ఇనప బెంచీ, ఇదే ఫినాయిల్ వాసన. కంటి డాక్టరు గది. లోపలికి వదినని పిలిచారు, ఆమెని బయట కూర్చోబెట్టారు. తలుపు మూసుంది. అప్పటికింకా వినడం నేర్చుకోలేదు. ఇప్పుడైతే ఆ తలుపు వెనక మాటలన్నీ వినేసేది. వదిన బయటికొచ్చి పక్కన కూర్చుంది, సంచీ జిప్పు తీసింది, వేసింది. “మందులు మార్చారు. నిదానంగా వస్తుందన్నారు,” అంది. నిదానంగా. ఆమె ఎదురుచూసింది. ప్రతి పొద్దున్నా లేవగానే కిటికీ వైపు తిరిగేది, వచ్చిందేమోనని. బ్రెయిలీ నేర్పుతామని ఎవరో వస్తే ఎందుకూ, తిరిగొస్తుంది కదా అని పంపించేసింది. కర్ర పట్టుకోమంటే విసిరికొట్టింది. ఏడాది. ఒక ఏడాదంతా, రానిదాని కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తరవాత వేరే డాక్టరు, ముక్కుసూటి మనిషి, “మీకు మొదట్లోనే చెప్పారు కదమ్మా ఇది తిరిగి రాదని?” అన్నాడు. చెప్పారు. వరసలోంచి తీసి పక్కన పెట్టారు. ఆమెకి వినపడని చోట, అందరికీ కనపడేట్టు. ఇంట్లో అందరికీ తెలుసట.

జిప్పు. ఆ రోజుదీ ఈ రోజుదీ ఒకటే జిప్పా, ఒకటే సంచీనా? వదిన పొదుపు మనిషి.

నిజం చెప్పాలంటే, వర్డ్ ఫైలు చేసిన పాపం ఏముంది? ఈ బెంచీ మీద కూర్చున్న కొద్దీ ఆ ఆలోచన ఒకటి దోమలా చెవి దగ్గరే తిరుగుతోంది. అందులోనూ శీర్షికని శీర్షిక అని చెప్పే పద్ధతి ఉంది. ఒక్క నొక్కు ఎక్కువ, అంతే. వదిన ఆ నొక్కు నొక్కదు. అక్షరాలు పెద్దవి చేస్తుంది, లావు చేస్తుంది, మధ్యకి జరుపుతుంది. చూసేవాళ్ళకి శీర్షికలా ఉంటుంది. ఉంటే చాలదా? చాలదు. ‘లా ఉండటం’ ఆమెకి పనికిరాదు. బాగైపోతున్నట్టుగా ఉన్న ఆ ఏడాది, ఎండలో నిలబడ్డట్టుగా ఉన్న ఆ చిన్నది, అన్నీ పెద్ద లావు అక్షరాలే, లోపల గుర్తు లేనివి. వెబ్ పేజీ గట్టిగా అడుగుతుంది, ఇది శీర్షికా కాదా చెప్పు అని. అడుగుతుందా, నిజంగా? లేక అది కూడా ఊరికే ఊరుకుంటుందా, అడిగే మనిషి లేకపోతే?

“లోపలికి రమ్మంటున్నారమ్మా,” అన్నాడు అటెండరు. ఈసారి కూడా వదినతోనే.

డైరెక్టరు కుర్చీలు చూపించాడు కాబోలు, వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది. విదిలించుకుని కుర్చీ వీపు తనే తడిమి కూర్చుంది. “చూడండి, ఇద్దరూ కావలసినవాళ్ళే నాకు,” అని ఆయన మొదలుపెట్టబోతుంటే వదిన అందుకుంది. గొంతులో ఆ పాత వాన. “సార్, వాదన అక్కర్లేదు. తను అడిగిందే చేశాను. అన్ని ఫైళ్ళూ వెబ్ పేజీలుగా మార్చేశాను, సేవ్ చేసేటప్పుడు వెబ్ అని ఎంచుకుంటే చాలు, అదే మారిపోతుంది. ఇంక గొడవ లేదు.” ఆయన హమ్మయ్య అన్నాడు. వదిన ల్యాప్‌టాప్ ఆమె ముందుకి జరిగింది. ఆమె వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. అంత కోపంలోనూ ఒక్క క్షణం ఆశ పుట్టింది, కిటికీ వైపు తిరిగినట్టే. మీట నొక్కింది. శీర్షికల్లేవు, అన్నాడు గుమాస్తా. మళ్ళీ నొక్కింది. లేవు. బాణం మీటతో మొదటి నుంచి దిగింది. ఎర్ర పెట్టె ఉండాల్సిన చోట గుమాస్తా ఆగాడు. ఆగి, ఏ మాత్రం సిగ్గు లేకుండా, “బొమ్మ. ఇమేజ్ సున్నా సున్నా మూడు,” అన్నాడు.

పెట్టె బొమ్మయింది. వాంతి చేయించకూడదన్న మాట బొమ్మయింది.

ఆమె నవ్వింది. గదిలో ఇద్దరూ కదిలారు. “ఏమైందండీ? మీరడిగిన వెబ్ పేజీయే కదా?” అన్నాడు డైరెక్టరు.

“కాదు సార్, వెబ్ పేజీలా ఉంది, అంతే. వర్డ్ అయినా వెబ్ అయినా, ఇందులో ఏది ఏమిటో మనిషి చెప్పాలి. ఇందులో ఎవరూ ఏమీ చెప్పలేదు. పైన సున్నం కొట్టారు.” ఆమె గొంతు పెరిగింది, పెరగనిచ్చింది. “మొన్న ఆ పిల్లాడి గొంతులో తండ్రి వేలు ఉంది సార్. ఈ బొమ్మ చదివి చెప్పమంటారా ఆయనకి? నేను ఫోన్లు వదలను. ఇవి బాగయ్యేదాకా పాత పేజీలు నాకు తెరిచి ఉంచండి. బాగు చేసేది నేను. కాగితమే కావాలంటే ఈ పేజీల నుంచే మీకు ప్రింటు తీసిస్తాను. నాకు కళ్ళు ఒక జత కావాలి, ఏ అక్షరాలు పెద్దగా ఉన్నాయో చెప్పడానికి. మా వదిన్ని ఇవ్వండి.”

“నేనా?” అంది వదిన.

“నువ్వే. చదివి పెడతానన్నావుగా.”

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. అలాగే కానివ్వండి, ముందు ఒకటి చేసి చూపించండి అన్నాడు. ఒకటి చాలు.

వదిన బల్ల దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది. “లే వదినా,” అంది. వదిన లేచింది. ఆమె కూర్చుంది. వదిన పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టింది, మొదట విసుగ్గా, తరవాత మామూలుగా. పెద్ద అక్షరాలు, మింగినప్పుడు. ఆమె అక్కడ శీర్షిక అని గుర్తు పెట్టింది. పెద్ద అక్షరాలు, ఒంటి మీద పడినప్పుడు. గుర్తు. పెట్టెలు విప్పి మాటలు బయటికి లాగి, వాటి చోట వాటిని వరసలో కూర్చోబెట్టింది. ఎక్కడైనా వదిన ఒక ముక్క దాటేస్తే ఊపిరిలోనే తెలిసిపోయేది. “వదిలేశావు,” అనేది ఆమె. “చిన్నదిలే,” అనేది వదిన. “చదువు,” అనేది. చదివేది.

డ్రెయినేజీ పొడి పూర్తయింది. తరవాత గడ్డిమందు. పెద్ద అక్షరాలు అయిపోయాయి, చెయ్యాల్సిన పనుల వరస అయిపోయింది. వదిన ఆగింది.

“ఇక్కడ పెట్టె ఉందా?”

“ఉంది.”

“ఏముంది?”

“డాక్టర్లు రాసిచ్చింది. నీకు తెలిసిందే.”

“తెలీదు. చదువు.”

వదిన చెయ్యి సంచీ కోసం వెతికింది, అది కుర్చీలో, ఆమె వీపు వెనక ఉంది. జిప్పు లేదు. వదిన ఊపిరి పీల్చుకోవడం వినపడింది, పీల్చింది ఎంతకీ వదలలేదు.

“చదువు వదినా. ఒక్క ముక్క పోకుండా.”

“దీనికి విరుగుడు లేదు,” అంది వదిన. ఆ గొంతులో గాలీ లేదు, వానా లేదు. “ఆ సంగతి... ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి దాచకుండా చెప్పాలి. తగ్గిపోతుందని ఆశ పెట్టకూడదు.”

టైపు చేసింది ఈ వదిన చేతులే. ఎర్రరంగు వేసింది ఈ చేతులే. వదిన ఏమైనా అంటే ఆమెకి వినాలనీ లేదు. పెట్టెలోంచి ఆ మూడు వాక్యాల్నీ తీసి, పత్రంలో అన్నిటికంటే పైన పెట్టి, శీర్షికగా గుర్తు వేసింది. మీట నొక్కింది. గుమాస్తా ఒక్క గెంతులో అక్కడికి వచ్చి, ఆ మూడు వాక్యాల్నీ పూర్తిగా, చక్కెర గురించి చదివినట్టు చదివాడు. పక్కన నిలబడ్డ మనిషి ముక్కు చీదింది.

“తరవాతిది,” అంది ఆమె.